గుమ్మడి పిందె ఎందుకు రాలుతుంది?

వినుకొండ, దొనకొండల నడుమ రైలు మార్గం మీద ఉన్న కురిచేడు మెట్ట పొలాల ఊరు. ఇట్టి ఊళ్ళలో గుమ్మడి పేదవాని పంట. దానికి ప్రత్యేకంగా చేను అక్కరలేదు. పేడదిబ్బ ప్రక్కన రెండు విత్తులు నాటి, అంట్లు తోమిన నీళ్ళు ఆ పాదులోనికి మళ్ళిస్తే చాలు. తీగ సాగి గడ్డివామి మీదికో, వంటింటి కప్పు మీదికో ప్రాకుతుంది. ముదిరిన కాయను కోసి నీడపట్టున ఉంచితే నెలల తరబడి చెడదు. కూరగాయలు కరవైన రోజులలో పులుసుకు అక్కరకు వస్తుంది.

ఇంత ఓర్పు గల తీగ ఒక్క విషయంలో మాత్రం మనలను నిరాశపరుస్తుంది. తీగ నిండా పసుపు పూలు విరుస్తాయి; పిందెలు దిగుతాయి; నాలుగైదు రోజులలో ఆ పిందెలు పసుపు పచ్చబడి, కొన మెత్తబడి, రాలిపోతాయి.

పిందెను వేలితో చూపరాదని మన పల్లెలలో పెద్దల మాట. తెలుగు మాట్లాడే ఇళ్ళలోను, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలోను ఈ నమ్మకం ఒక్కటే. చిన్నతనంలో పిందె కనబడగానే నేను చేయి చాపితే, మా దాదీ "ఉంగ్లీ నక్కో బతా బేటా, సడ్ జాతా" అని మందలించేది. వేలు చూపితే కుళ్ళిపోతుందని ఆమె భయం. చూపక తప్పకపోతే వేలు మడిచి పిడికిలితో చూపాలి.

ఒక ఏడు మా పాదుకు పన్నెండు పిందెలు దిగాయి. వారం తిరిగేసరికి పదకొండు రాలిపోయాయి. అనుమానం పొరుగింటి అత్తమ్మ మీదికి పోయింది. ఆమెకు సంతానం లేదు. ఒకనాటి సాయంకాలం ప్రహరీ గోడ వద్ద నిలబడి, "ఎన్ని పిందెలు దిగాయమ్మా మీ పాదుకు!" అని సంతోషంగా అన్నది. ఆ మాటే దిష్టి అయిందని మా ఇంటిలో తీర్మానించారు. రెండిళ్ళ మధ్య నిత్యం సాగే మజ్జిగ చెంబుల రాకపోకలు ఆగిపోయాయి.

పిందె రాలడానికి అసలు కారణం తెలియనందువల్ల ఒక నిరపరాధి మాట పడవలసి వచ్చింది. ఆ కారణమేమిటో, దానికి మన చేతనైన ఉపాయమేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే తీగ, రెండు రకాల పూలు

తాటిచెట్లలో పోతుతాడి, పెంటితాడి అని రెండు రకాలుండడం, పోతుతాడి కాయకపోవడం మనమెరిగినదే. అక్కడ మగ, ఆడ భేదం చెట్టుకు చెట్టుకు మధ్య ఉన్నది. గుమ్మడిలో ఆ భేదం ఒకే తీగ మీద, పూవుకు పూవుకు మధ్య ఉంటుంది.

వీటిని గుర్తించడం మిక్కిలి సులభం. మగపూవు పొడవైన సన్నని కాడ మీద నిలిచి ఉంటుంది. ఆకర్షక పత్రాల నడుమ ఒకే స్తంభం వలె కలిసిపోయిన కేసరాలు ఉంటాయి. తాకితే వ్రేలికి పసుపు పొడి అంటుతుంది. అదే పుప్పొడి. ఆడపూవు కాడ పొట్టిది, లావైనది. పూవుకు దిగువన గోలీకాయంత చిన్న గుమ్మడికాయ రూపం అప్పటికే ఏర్పడి ఉంటుంది. అది అండాశయం. పూవు నడుమ తమ్మెలు తమ్మెలుగా చీలిన జిగట భాగం కీలాగ్రం.

మనం పొరబడేది ఇక్కడనే. ఆడపూవుకు దిగువన ఉన్న ఆ గుండ్రని బుడిపెను చూసి కాయ పట్టిందని సంతోషిస్తాము. నిజానికి అది కాయ కాదు. కాయ కాగల అవకాశం మాత్రమే. మగపూవులోని పుప్పొడి వచ్చి కీలాగ్రం మీద పడి, అక్కడ మొలకెత్తి, సన్నని గొట్టంగా లోనికి సాగి, అండాశయంలోని అండాలను చేరినప్పుడే అది కాయగా పెరగడం మొదలిడుతుంది. లోపల ఏర్పడే ప్రతి గింజకు ఒక పుప్పొడి రేణువు కావాలి. గుమ్మడికాయలో గింజలు వందల సంఖ్యలో ఉంటాయి గనుక వందల రేణువులు అవసరమవుతాయి. చాలినంత పుప్పొడి అందకపోతే కాయ ఒక ప్రక్కకు వంకరపోతుంది, లేదా చిన్నదిగా నిలిచిపోతుంది. బొత్తిగా అందకపోతే తీగ ఆ బుడిపెకు ఆహారం పంపడం మానుకొంటుంది. అప్పుడు అది పసుపుబారి రాలుతుంది. దిష్టి అని మనం పేరు పెట్టినది చాలామట్టుకు ఇదే.

మరికొన్ని కారణాలు కూడ లేకపోలేదు. పండు ఈగ పొడిచి గ్రుడ్లు పెట్టిన పిందె కుళ్ళుతుంది. కోసి చూస్తే పురుగులు కనబడతాయి. నీటి ఎద్దడి వచ్చినా, ఒకే తీగ మీద ముందు పట్టిన కాయలు ఆహారమంతా లాగుకొంటున్నా క్రొత్త పిందెలు నిలువవు. కాని పొడిచిన గుర్తు లేకుండా, పురుగు లేకుండా, పూవు వాడిన కొద్ది రోజులకే పిందె పసుపుబారితే ముందుగా పుప్పొడి సంగతే అనుమానించాలి.

పుప్పొడిని మోసేదెవరు?

జొన్న, మొక్కజొన్నల పుప్పొడి తేలికైనది. గాలికి ఎగిరి పోతుంది. గుమ్మడి పుప్పొడి అటువంటిది కాదు. దాని రేణువులు పెద్దవి, ముళ్ళు గలవి, జిగురు గలవి. గాలి దానిని మోయలేదు. ఏదో ఒక ప్రాణి ఒంటికి అంటుకొని మగపూవు నుండి ఆడపూవుకు చేరవలసిందే. మన వైపు ఈ పని ఎక్కువగా తేనెటీగలు, తుమ్మెదలు చేస్తాయి.

ఇచ్చట గుమ్మడి చరిత్రను కొంచెం స్మరించాలి. దిష్టికి గుమ్మం ముందు వ్రేలాడదీసే బూడిద గుమ్మడి ఆసియా ఖండానిది. మనం పులుసు పెట్టుకొనే తీపి గుమ్మడి మాత్రం అమెరికా ఖండాలలో పుట్టినది. 1492లో కొలంబస్ సముద్రయానం తరువాతనే అది తక్కిన ప్రపంచానికి వ్యాపించింది. దాని పుట్టినింట గుమ్మడి జాతి పూలనే ఆశ్రయించి బ్రతికే ప్రత్యేకమైన ఈగలున్నాయి. తెల్లవారక ముందే లేచి అవి ఆ పూలలో వాలుతాయి. తీగ సముద్రాలు దాటి మన దేశానికి వచ్చింది కాని ఆ ఈగ దాని వెంట రాలేదు. ఇక్కడి తేనెటీగలే ఆ పరదేశి తీగకు బంధువులైనాయి.

ఈ బంధువుల రాకకు అంతరాయాలు పెక్కు. గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చుకొని, ఎండ ఎక్కి పూర్వాహ్ణం గడిచేసరికి ముడుచుకొంటుంది. మళ్ళీ తెరుచుకోదు. ఒక పూవు ఆయువు ఒక్క ఉదయం. ఆ ఉదయాన ముసురు పట్టి తేనెటీగలు రాకపోయినా, పూవులో వాననీరు చేరి పుప్పొడి చెడినా, ఎండ తీవ్రతకు పుప్పొడి శక్తి కోల్పోయినా ఆడపూవు వ్యర్థమే. మిరప, పత్తి చేలలో ఉదయం పూట పురుగు మందు కొడితే, ఆ చేల మీదుగా తిరిగే తేనెటీగలు మన పెరటి దాకా రావు.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. తీగ మొదట కొన్నాళ్ళ పాటు మగపూలనే పూస్తుంది. ఆడపూలు తరువాత వస్తాయి. వేడి, పగటి నిడివి ఎక్కువైన దినాలలో మగపూల సంఖ్య మరింత పెరుగుతుంది. కాయలేని వట్టి పూలని కొందరు వాటిని తుంచి పారవేస్తారు. అవి వట్టివి కావు. రానున్న కాయకు తండ్రులు.

చేతితో పుప్పొడి అందించే విధానం

తేనెటీగ రానప్పుడు ఆ పనిని మన చేయి చేయగలదు. దీనినే కృత్రిమ పరాగ సంపర్కం అంటారు. పేరు పెద్దది గాని పని చిన్నది. పనిముట్టు ఏదీ అక్కరలేదు.

ముందునాటి సాయంకాలం తీగను పరిశీలించాలి. మరునాడు విచ్చుకొనే మొగ్గ కొన పసుపు రంగుకు తిరిగి, కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆకుపచ్చగా బిగుసుకొని ఉన్నది ఇంకా సిద్ధం కానట్లు. అటువంటి ఆడమొగ్గను ఒకటి, మగమొగ్గలను రెండు మూడు గుర్తించి ఉంచుకోవాలి. ఏ పుప్పొడి పడినదో నిశ్చయంగా తెలియాలంటే, అంటే మంచి కాయ నుండి విత్తనం కట్టాలంటే, ఆ మొగ్గల కొనలను ఆ సాయంకాలమే నూలు దారంతో వదులుగా కట్టాలి. అప్పుడు తెల్లవారి మనకంటె ముందు తేనెటీగ ప్రవేశించదు.

మరునాడు సూర్యోదయమైన తరువాత ఆలస్యం చేయక పాదు వద్దకు వెళ్ళాలి. మగపూవును కాడతో కోసి, ఆకర్షక పత్రాలను ఒలిచివేయాలి. లోపలి కేసర స్తంభాన్ని గోటికి తాకించి పసుపు పొడి అంటుతున్నదో లేదో చూచుకోవాలి. తరువాత ఆడపూవును మెల్లగా విప్పి, కీలాగ్రపు తమ్మెలన్నిటికీ ఆ పొడి సమంగా అంటేటట్లు మృదువుగా త్రిప్పుతూ రాయాలి. గట్టిగా రుద్దితే కీలాగ్రం నలుగుతుంది. ఒకటి చాలదనిపిస్తే రెండవ మగపూవును కూడ వాడాలి. విత్తనం కోసమైతే ఆడపూవు కొనను మళ్ళీ దారంతో మూసి, కాడకు గుర్తుగా రంగు దారం కట్టాలి. తేదీ వ్రాసుకొనడానికి మార్కాపురం పలక ముక్క ఒకటి పాదు దగ్గర ఉంచితే వానకు చెరగని చోట గుచ్చుకోవచ్చు. బలపంతో వ్రాసినది చెరిగితే మేకుతో గీయవచ్చు.

ఫలితం తెలుసుకొనడానికి వారం చాలు. పుప్పొడి అందిన పిందె ఆకుపచ్చగానే ఉండి, రోజురోజుకు ఊరుతూ, కాడ క్రిందికి వంగుతుంది. అందనిది పసుపుబారుతుంది. ఒక తీగకు రెండు మూడు పిందెలకంటె ఎక్కువ ఉంచకుండా తక్కినవి తీసివేస్తే ఉన్నవి బాగా ఊరుతాయి.

ఇక్కడ రెండు సందేహాలు తీర్చుకోవాలి. అదే తీగలోని మగపూవు పనికివస్తుందా? వస్తుంది. సొరపూవు పుప్పొడి గుమ్మడికి పనికివస్తుందా? రాదు; జాతి వేరు. వేరొక రకం గుమ్మడి పుప్పొడి పడితే ఈ ఏటి కాయ రుచి మారుతుందని కొందరు భయపడతారు. ఈ ఏటి కాయ కండ తల్లితీగదే. మార్పు గింజలలో దాగి, వాటిని నాటినప్పుడు వచ్చే ఏటి కాయలలో బయటపడుతుంది.

తక్కిన తీగలకు కూడ ఈ విధానమే వర్తిస్తుంది గాని వాటి వేళలు వేరు. కాకర, దోస, బూడిద గుమ్మడి ఉదయపు పూలు. బీర సాయంకాలం పూస్తుంది. సొర, పొట్ల తెల్లని పూలు; అవి ప్రొద్దుగూకే వేళ విచ్చుకొని రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం నిరీక్షిస్తాయి. నల్లమల అంచులలో వానకాలంలో దొరికే ఆగాకరలో మగ తీగ, ఆడ తీగ వేరువేరు. తోటగా పెంచేవారు మగ తీగలను కూడ నాటి చేతితో పుప్పొడి అందించవలసి ఉంటుంది. ఏ పూవు వేళ ఆ పూవుది. వేళ తెలియని శ్రమ వృథా.

ఖర్జూరం నుండి ఆముదం దాకా

ఈ విద్య క్రొత్తది కాదు. ఖర్జూర వృక్షాలలో మగ, ఆడ చెట్లు వేరు. మగచెట్టు పూగుత్తిని తెచ్చి ఆడచెట్టు గుత్తులలో కట్టడం పశ్చిమాసియాలో వేల ఏండ్ల నాటి ఆచారం. మహనీయ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా చేరిన కాలంలో అక్కడి తోటల వారు ఇట్లే చేస్తుండేవారు. అది చేయకున్నా ఫరవాలేదేమో అన్న ఆయన మాటను విని వారు మానివేయగా ఆ యేడు దిగుబడి తగ్గిందనీ, సంగతి తెలిసినప్పుడు మీ లోక వ్యవహారాలు మీకే బాగా తెలుసునన్న భావంతో ఆయన సమాధానమిచ్చారనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. పొలం పనిలో పరిశీలనకు, అనుభవానికి ఉన్న స్థానాన్ని ఇంతకంటె వినయంగా చెప్పిన ఘట్టం అరుదు.

ఆచారంగా ఉన్నదానికి శాస్త్ర నిరూపణ 1694లో లభించింది. జర్మనీలోని ట్యూబింగెన్ నగరపు ఆచార్యుడు కామెరేరియస్ కొన్ని మొక్కల మగపూలను ముందుగానే తుంచివేసి, అప్పుడు మొలకెత్తగల గింజలు ఏర్పడవని చూపినాడు. ఆయన పరీక్షించిన మొక్కలలో మన మెట్ట పొలాల ఆముదం ఒకటి. మన గట్ల మీద పెరిగే మొక్కయే పూలలో మగ, ఆడ భేదమున్నదన్న సత్యానికి సాక్ష్యం పలికింది.

మహాకాయ గుమ్మడులు

పాశ్చాత్య దేశాలలో ఈ చేతి పని ఒక పోటీ క్రీడగా పెరిగింది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో 403 పౌన్లు, అనగా సుమారు 183 కిలోల గుమ్మడికాయ ప్రథమస్థానం పొందింది. ఆ బరువును డెబ్బై ఏండ్లకు పైగా ఎవరూ దాటలేకపోయారు. తరువాత కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన హోవార్డ్ డిల్ అనే రైతు ఏటేటా పెద్ద కాయలను ఎంచి, వాటి పూలను చేతితో కలిపి, 'అట్లాంటిక్ జయంట్' అనే రకాన్ని రూపొందించాడు. నేటి మహాకాయ గుమ్మడులు దాని సంతతివే. 2023లో అమెరికాలో 1,246.9 కిలోల కాయ, 2025లో ఇంగ్లండులో పేటన్ సోదరులు పెంచిన 1,278.8 కిలోల కాయ ప్రపంచ రికార్డులుగా నమోదైనాయి. బాగా ఊరే రోజులలో అటువంటి కాయ దినానికి పదిహేను, ఇరవై కిలోలు పెరుగుతుంది.

ఈ పెంపకందార్లు తేనెటీగకు పని వదలరు. ముందునాటి రాత్రి పూవును కప్పి ఉంచి, ఉదయాన ఎంపిక చేసిన మగపూవుతో తామే సంపర్కం జరుపుతారు. కారణాలు రెండు. మొదటిది, వందలాది గింజలకు సరిపడు పుప్పొడి నిశ్చయంగా అందాలి. రెండవది, కాయకు తల్లి ఎవరో తండ్రి ఎవరో తెలియాలి. వంశవృక్షం వ్రాసి ఉంచిన గింజకే విలువ. తరువాత తీగ మొదలుకు తగిన దూరంలో పట్టిన ఒక్క పిందెను ఉంచి, మిగిలినవన్నీ తుంచివేస్తారు.

మన పశ్చిమ ప్రకాశం ఎండలకు ఆ చలిదేశపు రకాలు తాళవు. ఆ బరువులు మనకు లక్ష్యం కానక్కరలేదు. కాని పిందెను తల్లిదండ్రులెరిగి ఎంచుకోవడం, వేళకు పుప్పొడి అందించడం, ఉన్నవాటిలో మేలైనదాని గింజ దాచడం మన పెరటిలోను సాధ్యమే.

చిన్న చేతుల కథ

చేతి పరాగ సంపర్కం వెనుక ఎవరి చేతులున్నాయో కూడ తెలుసుకోవాలి. వనిల్లా తీగ మెక్సికో దేశానిది. ఇతర దేశాలలో నాటినప్పుడు పూచేది కాని కాయలు పట్టేవి కావు. 1841లో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ ద్వీపంలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు, సన్నని పుల్లతోను బొటనవ్రేలితోను ఆ పూవుకు క్షణంలో పుప్పొడి అందించే ఉపాయం కనిపెట్టాడు. ప్రపంచమంతటి వనిల్లా తోటలు ఆ ఉపాయంతోనే సంపన్నమైనాయి. అతడు మాత్రం 1880లో పేదవాడుగానే మరణించాడు.

ఇది దూరదేశపు కథ అని తోసివేయరాదు. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రంలో సి. టి. పటేల్ హెచ్-4 అనే సంకర పత్తిని రూపొందించిన పిమ్మట, సంకర పత్తి విత్తనోత్పత్తి మన రాష్ట్రాలలో కూడ విస్తరించింది. సాయంకాలం మొగ్గ నుండి కేసరాలు ఒలిచివేసి, మరునాటి ఉదయం వేరొక రకం పుప్పొడి రాయడం ఆ పని. రైతులు దానిని క్రాసింగ్ అంటారు. మన పొరుగున ఉన్న కర్నూలు, ఆవల మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆ చేలలో బడి వయసు బాలికలు వేలాదిగా పని చేసిన కాలమున్నది. వారి వ్రేళ్ళు సన్ననివి, వారి కూలి తక్కువ; ఎంపికకు అదే కారణం. పూవు విచ్చుకొనే వేళయే బడి గంట మ్రోగే వేళ. పెరటిలో ఒక పూవుకు పుప్పొడి రాయడం బాలలకు పాఠం. చేను నిండా రాయించడం వారి పాఠాన్ని అపహరించడం. ఈ తేడా చదువుకొన్న వారు మరువరాదు.

చేయి ఎంతవరకు?

పెరటిలో రెండు తీగలకు మన చేయి చాలును. ఎకరాల కొలది దోస, గుమ్మడి తోటలకు చాలదు. అక్కడ తేనెటీగ ఒక్కటే గతి. నల్లమలలో చెంచులు కొండతేనె తీసేది ఆ జాతివారి జీవనం కోసమే. కాని ఆ ఈగలు చేసే ఉపకారం తేనెతో ముగియదు. పూత సమయంలో ఉదయం పూట మందు చల్లక సాయంకాలం చల్లడం, చేని గట్ల మీద పూలమొక్కలను మిగల్చడం, ఇంటి చూరుకు పట్టిన తేనెపట్టును పొగబెట్టి కాల్చకుండుట మనకు ఖర్చులేని పనులు.

మళ్ళీ మా పాదు సంగతి. ఆ పదకొండు పిందెలు రాలిన సంవత్సరం పూత వేళ వారం రోజులు ముసురు పట్టింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ తరువాతి యేడు, వృక్షశాస్త్ర తరగతిలో గుమ్మడి పూవును కోసి చూపినప్పుడు నాకు విషయం బోధపడింది. సెలవులకు ఇంటికి వెళ్ళి, ఒక తెల్లవారుజామున నాలుగు ఆడపూలకు పుప్పొడి రాసి ఎర్రదారం కట్టాను. ప్రక్కనున్న రెండు ఆడపూలను పోలిక కోసం కట్టివేసి, తేనెటీగను గాని చేతిని గాని తగలనీయలేదు. వారం తరువాత ఎర్రదారపు పిందెలు మూడు నిమ్మకాయలను దాటి ఊరాయి. కట్టివేసిన రెండూ పసుపుబారి రాలాయి. దాదీ ఆ రాలిన పిందెలను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. వాటిని ఎవరూ వేలు చూపలేదు; ఎవరూ మెచ్చుకొననూ లేదు.

ఆమె ఏమీ అనలేదు. కాయలు ముదిరినప్పుడు మొదటిదాన్ని తానే కోసి, కొంగుతో తుడిచి, పొరుగింటికి స్వయంగా మోసుకొని పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో మజ్జిగ చెంబు ఉన్నది.